370పై నమూనా సభ నడపడం ఎలా: ముందు తేదీ, తరువాతే పక్షం

జమ్మూ కాశ్మీరుకు ప్రత్యేక హోదా ఇచ్చిన రాజ్యాంగ అధికరణ (ఆర్టికల్) 370; ఆ హోదాను కేంద్రం 2019 ఆగస్టులో తొలగించింది. ఈ రాజ్యాంగ హోదాపై విద్యార్థుల చేత నమూనా సభ, అంటే వారే సభ్యుల పాత్రల్లో వాదించే సభ, జరిపించాలనుకునే అధ్యాపకులు సాధారణంగా మొదట చేసే పని తరగతిని రెండుగా విడదీసి, ఒక సగాన్ని అనుకూలురుగా, ఇంకో సగాన్ని వ్యతిరేకులుగా కూర్చోబెట్టడం. కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెబుతున్న నేను కూడా మొదటి ఏడాది అదే చేశాను. "ఆర్టికల్ 370 రద్దు సమంజసమా, కాదా" అని బోర్డు మీద రాసి, ఎవరికి నచ్చిన పక్కన వారు కూర్చోండి అన్నాను. తరగతి దాదాపు మొత్తం ఒక పక్కకు వెళ్లింది, ముగ్గురు మాత్రం ఎదుటి పక్కన కూర్చున్నారు. ఆ ముగ్గురిలో ఒకడు ఫ్యాను కింద చోటు కోసం అక్కడ కూర్చున్నాడని తరువాత తెలిసింది. పది నిమిషాలు తిరగకముందే చర్చ అధికరణను వదిలి దేశభక్తి మీదికి, అక్కడి నుంచి ఎవరి మతం ఏమిటన్నదాని మీదికి జారిపోయింది. గంట కొట్టేసరికి 370లో ఎన్ని క్లాజులున్నాయో ఒక్కరికీ తెలియలేదు గాని, ఇద్దరు స్నేహితుల మధ్య మాటలు మాత్రం ఆగిపోయాయి. తప్పు వారిది కాదు, ప్రశ్నను ఆ రూపంలో పెట్టిన నాది.

ఆ తరువాత నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దీని కీలకం ఒక్కటే. ఈ ప్రాంతపు హోదా ఒక చోట నిలిచి ఉన్నది కాదు, 1947 నుంచి అంచెలంచెలుగా మారుతూ వచ్చినది. అందువల్ల "నువ్వు ఎటువైపు" అని అడిగే ముందు "నువ్వు ఏ సభలో, ఏ తేదీన నిలబడి మాట్లాడుతున్నావు" అని అడగాలి. 1949లో కూర్చున్న సభ్యుడికి 2019 తెలియదు. తెలియని మనిషిగా మాట్లాడవలసి వచ్చినప్పుడు విద్యార్థి నినాదాన్ని విడిచి పత్రాన్ని పట్టుకుంటాడు, ఎందుకంటే పట్టుకోవడానికి అతనికి వేరే ఏదీ ఉండదు.

తేదీని ఎంచుకోవడం

నమూనా సభకు పనికివచ్చే తేదీలు నా లెక్కలో నాలుగున్నాయి. మొదటిది 1949 అక్టోబరు 17. ఆ రోజు ఢిల్లీలోని రాజ్యాంగ సభలో కేంద్ర మంత్రి ఎన్. గోపాలస్వామి అయ్యంగార్ ముసాయిదా అధికరణ 306ఎ ను ప్రవేశపెట్టారు. అదే తరువాత 370 అయింది. ఈ ఒక్క రాష్ట్రానికే ఈ తేడా ఎందుకని సభ్యుడు హస్రత్ మోహానీ అడ్డుతగిలారు. రాష్ట్రంలో యుద్ధం జరిగిందని, ఆ ఏడాది మొదట్లోనే కాల్పుల విరమణ కుదిరిందని, కొంత భూభాగం ఇంకా ఎదుటివారి చేతిలో ఉందని, వ్యవహారం ఐక్యరాజ్యసమితిలో చిక్కుకుని ఉందని, రాష్ట్ర ప్రజలు తమ రాజ్యాంగ సభ ద్వారా నిర్ణయం చేసుకునే వరకు ఇది మధ్యంతర ఏర్పాటని అయ్యంగార్ బదులిచ్చారు. అనంతపురం వైపు నుంచి వెళ్లిన కల్లూరు సుబ్బారావు, నీలం సంజీవరెడ్డి ఆ రాజ్యాంగ సభలో సభ్యులని చెబితే మన పిల్లలకు ఆ గది కొంత దగ్గరవుతుంది. చిన్న తరగతికి, తక్కువ సమయానికి ఈ తేదీ చాలు.

రెండవది 1956 నవంబరు, ఆ రాష్ట్రానికి సొంత రాజ్యాంగం రాయడానికి ఏర్పడిన జమ్మూ కాశ్మీర్ రాజ్యాంగ సభ తన పని ముగించిన సందర్భం. మూడవది 2019 ఆగస్టు 5, ప్రత్యేక హోదాను తొలగించే తీర్మానం వచ్చిన రాజ్యసభ. నాలుగవది ఆ తొలగింపు చెల్లుతుందా అని సుప్రీంకోర్టు ధర్మాసనం ఎదుట 2023లో జరిగిన వాదనలు. వీటిలో మూడవదాన్ని అందరూ ఎంచుకుంటారు, నేను మాత్రం దాన్ని చివరికి వాయిదా వేస్తాను. ఆ రోజు ప్రసంగాలు యూట్యూబులో దొరుకుతాయి గనుక విద్యార్థి ఆలోచించడం మాని, తనకు నచ్చిన నాయకుడి గొంతును అనుకరిస్తాడు. అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది రెండవది. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

తేదీ నిర్ణయమయ్యాక ఒకే ఒక నియమం పెట్టాలి. ఆ తేదీ తరువాత జరిగినదాన్ని సభలో ఎవరూ ఎత్తకూడదు. మా పిల్లలు దీనికి "తేదీ గోడ" అని పేరు పెట్టుకున్నారు. గోడ దాటినవారిని ఎదుటి పక్షం పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పారన్న అభ్యంతరం) లేవనెత్తి పట్టుకోవచ్చు, నిజమని తేలితే పట్టుకున్న పక్షానికి ఒక నిమిషం అదనంగా దక్కుతుంది. ఒకసారి 1956 సభలో ఆదోని నుంచి వచ్చే అబ్బాయి "గవర్నరుగారు ఆమోదించిన ప్రకారం" అన్నాడు. వెంటనే ఎదుటి బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "అధ్యక్షా, పాయింట్ ఆఫ్ ఆర్డర్. మన రాష్ట్రంలో గవర్నరు లేరు, సదర్-ఎ-రియాసత్‌గా కరణ్ సింగ్ ఉన్నారు. గవర్నరు అన్న పేరు 1965లో గాని రాదు" అంది. అధ్యక్ష స్థానంలో ఉన్న విద్యార్థి ఒక క్షణం ఆగి, "గౌరవ సభ్యురాలు కూడా తొమ్మిదేళ్లు గోడ దాటారు" అని ఇద్దరి నిమిషమూ కోసేశాడు. ఆ రోజుతో, అప్పటి రాష్ట్రాధినేత పదవి పేరైన సదర్-ఎ-రియాసత్ అన్న మాట తరగతిలో ఎవరూ మరిచిపోలేదు.

ఇంటి సంగతితో ఒక పీరియడ్

కాశ్మీరుకు వెళ్లే ముందు ఒక పీరియడ్ మన ఊళ్లోనే గడపడం మంచిది. ఒక ప్రాంతపు హోదాను వేరొక చోట కూర్చున్నవారు నిర్ణయించడమంటే ఏమిటో కర్నూలు పిల్లలకు పుస్తకం లేకుండానే కొంత తెలుసు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది, గుడారాల్లో కార్యాలయాలు నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. ఇంట్లో తాతనో అవ్వనో అడిగి ఆ రోజుల జ్ఞాపకం ఒకటి రాసుకురమ్మంటే, మరుసటి రోజు తరగతి దానంతటదే మొదలవుతుంది.

అయితే ఈ పీరియడ్ ఉద్దేశం జ్ఞాపకాలు కాదు, కొత్త రాష్ట్రాల ఏర్పాటు, సరిహద్దుల మార్పుల గురించి చెప్పే రాజ్యాంగంలోని 3వ అధికరణ. 2014 జనవరిలో పునర్విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు అదే బిల్లును ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఇది ఎలా సాధ్యమైందని అడగండి. 3వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి బిల్లును శాసనసభ అభిప్రాయానికి పంపితే చాలు, ఆ అభిప్రాయానికి కట్టుబడి ఉండవలసిన అవసరం లేదు. ఇప్పుడు రెండవ ప్రశ్న వేయండి: జమ్మూ కాశ్మీర్ విషయంలో కూడా ఇంతేనా? 1954 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 3వ అధికరణకు ఒక అదనపు నిబంధన చేర్చింది. ఆ రాష్ట్ర విస్తీర్ణాన్ని, పేరును, సరిహద్దును మార్చే బిల్లును రాష్ట్ర శాసనసభ సమ్మతి లేనిదే పార్లమెంటులో ప్రవేశపెట్టరాదని అది చెప్పింది. ఆ అదనపు రక్షణ 2019 ఆగస్టు 5 ఉత్తర్వుతో పోయింది. ఆ సమయంలో శాసనసభ రద్దయి రాష్ట్రపతి పాలన ఉన్నందున, సభ చెప్పవలసిన అభిప్రాయాన్ని కూడా పార్లమెంటే చెప్పింది. అభిప్రాయం అడగడానికి, సమ్మతి కోరడానికి ఉన్న తేడా తమ సొంత రాష్ట్రం ద్వారా తెలిసిన విద్యార్థి 370ని చదివేటప్పుడు ఆ రెండు మాటల దగ్గర తప్పకుండా ఆగుతాడు.

ఈ పోలికను ఒక్క పీరియడ్ దాటనివ్వకూడదు. మనకు విలీన పత్రం (సంస్థానాన్ని భారతదేశంలో కలుపుతూ పాలకుడు సంతకం చేసిన పత్రం) లేదు, యుద్ధం లేదు, పొరుగు దేశం లేదు, ఐక్యరాజ్యసమితి తీర్మానాలు లేవు. "మాకూ అదే జరిగింది" అని ఎవరైనా అంటే అక్కడే ఆపి, ఏది అదే, ఏది కాదు అని రెండు వరుసలుగా రాయించాలి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఈ ఊళ్లో హైకోర్టు సంగతి ఎవరైనా ఎత్తితే ఆ పీరియడ్ ఇక చేతికి రాదు.

ఏ పత్రాలు ఇవ్వాలి

విద్యార్థులకు పుస్తకాల జాబితా ఇస్తే ఎవరూ చదవరు. పది పన్నెండు పుటల జిరాక్స్ కట్ట ఇస్తే చదువుతారు. ఆ కట్టలో మహారాజా హరిసింగ్ 1947 అక్టోబరు 26న సంతకం చేసిన విలీన పత్రం, 2019కి ముందున్న రూపంలో 370వ అధికరణ మొత్తం, కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య కుదిరిన 1952 ఢిల్లీ ఒప్పందపు ముఖ్యాంశాలు, 1954 ఉత్తర్వులో 3వ అధికరణకు, రాష్ట్ర శాశ్వత నివాసుల ప్రత్యేక హక్కుల గురించిన 35ఎ కు సంబంధించిన భాగాలు, రాష్ట్ర రాజ్యాంగంలోని 3వ సెక్షను ఉంటే సరిపోతుంది. భారత యూనియన్‌లో రాష్ట్రం అంతర్భాగమని, అంతర్భాగంగానే ఉంటుందని ఆ సెక్షను చెబుతుంది. ప్రత్యేక హోదా కోరడమంటే విలీనాన్ని కాదనడమేనని అనుకునే విద్యార్థికీ, ప్రత్యేక హోదా ఉంది గనుక విలీనం పూర్తి కాలేదని అనుకునే విద్యార్థికీ ఇద్దరికీ ఈ ఒక్క వాక్యం పని పెడుతుంది.

370ని తరగతిలో గట్టిగా చదివించాలి, అదీ నెమ్మదిగా. మొదటి క్లాజులో రెండు వేర్వేరు మాటలున్నాయి. రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లు అనే విలీన పత్రపు అంశాలకు సంబంధించి రాష్ట్ర ప్రభుత్వాన్ని "సంప్రదించి" రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వవచ్చు. మిగతా అంశాలకు రాష్ట్ర ప్రభుత్వ "సమ్మతి" కావాలి. ఈ తేడా నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. చివరకు పెళ్లి సంబంధం సంగతి చెప్పాను: మేనమామను ఒక మాట అడగడం వేరు, మేనమామ సరేనంటేనే ముహూర్తం పెట్టుకోవడం వేరు. ఆ తరువాత ఎవరూ తడబడలేదు.

మూడవ క్లాజు ఈ మొత్తం సభకు ఇరుసు. 370 ఇకపై అమలులో ఉండదని, లేదా కొన్ని మార్పులతోనే ఉంటుందని రాష్ట్రపతి బహిరంగ ప్రకటన ద్వారా చెప్పవచ్చు. కాని దానికి ముందు రాష్ట్ర రాజ్యాంగ సభ సిఫారసు అవసరమని దాని షరతు చెబుతుంది. ఆ రాజ్యాంగ సభ 1957 జనవరిలో ముగిసిపోయింది. సిఫారసు చేయవలసిన సభే లేనప్పుడు ఆ తలుపు మూసుకుపోయినట్టా, లేక తాళం రాష్ట్రపతి ఒక్కరి చేతికి వచ్చినట్టా? 2019, 2023 నాటి వాదనలన్నీ తిరిగింది ఈ ప్రశ్న చుట్టూనే.

మాటల విషయంలో కూడా ఖచ్చితంగా ఉండాలి. 370ని "తీసేశారు" అని అందరం అంటాం. కాని 2019 ఆగస్టు 6 నాటి ప్రకటన ప్రకారం దాని పాత క్లాజులు పనిచేయకుండా పోయి, రాజ్యాంగంలోని అన్ని నిబంధనలూ ఎలాంటి మినహాయింపు లేకుండా జమ్మూ కాశ్మీరుకు వర్తిస్తాయన్న ఒక్క నిబంధనగా అది మిగిలింది. అధికరణ సంఖ్య ఇప్పటికీ రాజ్యాంగంలో ఉంది. సభలో "రద్దు" అన్న మాట వాడిన ప్రతిసారీ ఏ క్లాజు, ఏ ఉత్తర్వు అని అడిగే హక్కు ఎదుటివారికి ఇస్తే గాలిమాటలు సగం తగ్గుతాయి.

1956 సభ

ఈ సభను నేను ఇప్పటికి మూడుసార్లు నడిపించాను, మూడుసార్లూ ఫలితం వేరుగా వచ్చింది. అందుకే ఇది నాకు ఇష్టం.

ముందు నేపథ్యాన్ని పాత్రధారులకు ఇవ్వాలి. రాష్ట్ర రాజ్యాంగ సభ 1951లో సమావేశమైంది. మొత్తం 100 స్థానాలలో 25 పాకిస్తాన్ అధీనంలోని ప్రాంతానికని ఖాళీగా ఉంచారు. మిగిలిన 75 షేక్ అబ్దుల్లా పార్టీ నేషనల్ కాన్ఫరెన్సుకే దక్కాయి, అందులో దాదాపు అన్నీ పోటీ లేకుండానే. జమ్మూలో పూర్తి విలీనం కోరే ప్రజా పరిషత్ పార్టీ ఆ ఎన్నికలను బహిష్కరించింది, తరువాత ఒకే రాజ్యాంగం, ఒకే జెండా, ఒకే ప్రధాని కావాలని ఉద్యమించింది. దానికి మద్దతుగా వెళ్లిన జనసంఘ్ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ 1953 జూన్‌లో శ్రీనగర్‌లో నిర్బంధంలో ఉండగా మరణించారు. అదే ఏడాది ఆగస్టులో షేక్ అబ్దుల్లాను రాష్ట్ర ప్రధాని పదవి నుంచి తొలగించి నిర్బంధించారు, బక్షీ గులాం మహమ్మద్ రాష్ట్ర ప్రధాని అయ్యారు. కాబట్టి 1956 నవంబరులో రాజ్యాంగాన్ని ఆమోదించిన సభలో, ఆ సభను మొదలుపెట్టిన మనిషి లేడు.

ఈ లేకపోవడాన్ని చూపడానికి నేను ముందు వరుసలో ఒక కుర్చీని ఖాళీగా ఉంచుతాను. పేరు రాసిన అట్ట దాని మీద నిలబెట్టడమే, ఇంకేమీ చేయనక్కర్లేదు. ఒక ఏడాది నందికొట్కూరు అమ్మాయి ప్రభుత్వ పక్షం తరఫున మాట్లాడుతూ, "ఈ సభ ప్రజల సంపూర్ణ అభీష్టానికి ప్రతిరూపం" అన్న వాక్యం దగ్గర ఆ కుర్చీ వైపు చూసి ఆగిపోయింది. తరువాత కాగితం దించి, "ఇక్కడ ఉన్నంతమంది అభీష్టానికి" అని సవరించుకుంది. ప్రాతినిధ్యం గురించి నేను పాఠంగా చెప్పగలిగినదంతా ఆ సవరణలో వచ్చింది.

సభ ముందు పెట్టవలసిన తీర్మానం ఇలా ఉండాలి: "ఈ రాజ్యాంగ సభ ముగిసిపోయేలోగా 370వ అధికరణ మూడవ క్లాజు కింద రాష్ట్రపతికి తన సిఫారసు తెలియజేయాలి." అవును, కాదు అని రెండు దారులు కాకుండా మూడు దారులు ఇవ్వాలి. ఒకటి, అధికరణ అమలు ఆగిపోవాలని సిఫారసు చేయడం. రెండు, అది శాశ్వతంగా కొనసాగాలని సిఫారసు చేయడం. మూడు, ఏమీ చెప్పకుండా సభను ముగించడం. చరిత్రలో జరిగింది మూడవది. ఆ మౌనానికి తరువాత ఎన్ని అర్థాలు పుట్టాయో పిల్లలకు అప్పుడే చెప్పకూడదు, గోడ ఉంది కదా.

మొదటి దారి పట్టినవారు జమ్మూ ఉద్యమపు వాదనను, రెండు జెండాల ఇబ్బందిని, పౌరులందరికీ ఒకే హక్కులుండాలన్న సూత్రాన్ని తీసుకుంటారు. రెండవ దారివారికి నేను ఇచ్చే బలమైన ఆయుధం భూసంస్కరణ. 1950 నాటి పెద్ద భూ ఎస్టేట్ల రద్దు చట్టం 182 కనాళ్లకు, అంటే 22.75 ఎకరాలకు మించిన భూమిని నష్టపరిహారం లేకుండా తీసుకుని సాగుదారులకు ఇచ్చింది. మిగతా దేశంలో ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉండి, జమీందారీ రద్దు చట్టాలు కోర్టుల్లో నలుగుతున్న రోజులవి. ఆ హక్కు ఆ రూపంలో అక్కడ వర్తించకపోవడం వల్లనే అది సాధ్యమైందని రెండవ పక్షం వాదించవచ్చు. పత్తికొండ, కోడుమూరు వైపు పిల్లలకు ఎకరాల లెక్క చెబితే చాలు, వెంటనే రెండు పక్షాలూ మేల్కొంటాయి: పరిహారం లేకుండా తీసుకోవడం న్యాయమా అని ఒకరు, కౌలుదారు తరతరాల చాకిరీకి పరిహారం ఎవరిచ్చారని ఒకరు. చర్చ మతం వైపు వెళ్లకుండా కాపాడేది కూడా ఇలాంటి గట్టి విషయమే. మూడవ దారివారికి తర్కం కష్టంగా కనిపిస్తుంది గాని, తెలివైన బృందం దొరికితే వారే గెలుస్తారు. "ఆగిపోవాలంటే మన బేరం పోతుంది, శాశ్వతమంటే ఢిల్లీతో తగువు, చెప్పకపోతే రెండూ మిగులుతాయి" అని ఒకసారి ఒక విద్యార్థి అన్నాడు. అది రాజనీతియో, తప్పించుకోవడమో సభ తేల్చాలి.

జమ్మూ, కాశ్మీర్ లోయ, లడఖ్ మూడింటి నుంచి మాట్లాడేవారు తప్పక ఉండాలి. లడఖ్ పాత్రను చివరి నిమిషంలో మిగిలిన ఎవరికో కట్టబెట్టడం చాలాచోట్ల చూశాను. ఆ ఒక్క గొంతు, శ్రీనగర్ కూడా మాకు దూరపు రాజధానే అని గుర్తు చేసేసరికి రెండు పక్షాల లెక్కలూ తారుమారవుతాయి.

పాత్రల పంపకం

పక్షాలను చీటీలు తీసి నిర్ణయించాలి, ఇష్టానికి వదలకూడదు. చీటీ వేస్తే విద్యార్థి తన అభిప్రాయానికి కాపలా కాయనక్కర్లేదు, ఎవరూ అతన్ని ఆ మాటలకు బాధ్యుణ్ణి చేయరు. ఒక మినహాయింపు మాత్రం ఉంచుకోవాలి. సైన్యంలో పనిచేసేవారి ఇళ్ల నుంచి మన జిల్లాలో చాలామంది పిల్లలు వస్తారు. అలాంటివారిలో ఎవరైనా విడిగా వచ్చి ఫలానా పాత్ర చేయలేనంటే కారణం అడగకుండా మార్చాలి. అందరి ముందు అడిగితే ఎవరూ నోరు విప్పరు గనుక, చీటీలకు మరుసటి రోజు వరకు గడువు ఇవ్వడం నయం.

అధ్యక్ష స్థానానికి గొంతు పెద్దదైన విద్యార్థిని కాకుండా, పత్రాల కట్టను రెండుసార్లు చదివిన విద్యార్థిని ఎంచుకోవాలి. సభ బాగుపడినా చెడినా ఈ ఎంపికతోనే. వేషాలు వద్దు, టోపీలూ తలపాగాలూ వద్దు, యాస అనుకరించడం అసలే వద్దు. బతికి ఉన్న నాయకుడి పేరుతో ఎవరినీ కూర్చోబెట్టకుండా, "ప్రభుత్వ పక్ష సభ్యుడు", "జమ్మూ సభ్యురాలు" అని అట్టల మీద రాస్తే చాలు.

సభ రోజు

రెండు గంటలు కావాలి, అంతకు తక్కువైతే ఓటింగు హడావిడిగా జరుగుతుంది. తీర్మానం ప్రవేశపెట్టేవారికి ఐదు నిమిషాలు, ఒక్కో పక్షం నుంచి నలుగురికి మూడేసి నిమిషాలు, సవరణలకు అరగంట, ఆ తరువాత ఓటు. సవరణల అరగంటను తగ్గించాలనిపిస్తుంది, తగ్గించవద్దు. "శాశ్వతంగా" అన్న ఒక్క మాటను తీసి "రాష్ట్ర శాసనసభ వేరుగా కోరేవరకు" అని పెట్టాలా వద్దా అని ఇరవై నిమిషాలు కొట్టుకున్నప్పుడే రాజ్యాంగం ఎలా పుడుతుందో వారికి అర్థమవుతుంది. మూజువాణి ఓటుతో సరిపెట్టకుండా డివిజన్ (ఎవరు ఎటో లెక్కపెట్టే ఓటు) కోరి లెక్క రాయించాలి. గంట లేకపోతే స్టీలు గ్లాసు, చెంచా చాలు, మా సభ అన్నిసార్లూ వాటితోనే నడిచింది.

పటం విషయంలో ఒక అనుభవం. మొదట్లో సభ వెనుక కట్టడానికి ఫ్లెక్సీ చేయించాం. ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి నెట్‌లో కనిపించిన మొదటి పటాన్ని దించి వేసేశాడు. అది విదేశీ పటం, నియంత్రణ రేఖనే సరిహద్దుగా చూపింది. తెల్లవారితే సభ అనగా మేం దాన్ని చూసి, రాత్రికి రాత్రి తెల్లకాగితం అంటించాం. భారతదేశ బాహ్య సరిహద్దులను తప్పుగా చూపే పటం ప్రచురించడం చట్టరీత్యా నేరం కావచ్చు గనుక, సర్వే ఆఫ్ ఇండియా పటం తప్ప వేరొకటి వాడకూడదు. 1956 సభకు ఇప్పటి రెండు కేంద్రపాలిత ప్రాంతాల పటం పెట్టడం కూడా తప్పే, అది గోడ దాటడం అవుతుంది. నేనిప్పుడు అసలు పటమే పెట్టడం లేదు.

ఫోన్లను తలుపు దగ్గర బుట్టలో వేయించాలి. ఇది క్రమశిక్షణ కోసం కాదు. చీటీలో వచ్చిన పాత్ర తరఫున ఒక అమ్మాయి చెప్పిన మాటను ముప్పై సెకన్ల ముక్కగా ఎవరైనా వాట్సాప్ స్టేటస్‌లో పెడితే, అక్కడ పాత్ర ఉండదు, తేదీ ఉండదు, ఆ అమ్మాయి ముఖం మాత్రమే ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు ముందుగా ఇచ్చే వినతిలో పత్రాల కట్టను జతపరచి, పాత్రలు చీటీలతో కేటాయించామని, వీడియో తీయడం లేదని రాసి సంతకం తీసుకోవాలి. తరువాత ఎవరైనా ఫోన్ చేస్తే చూపించడానికి ఆ కాగితం ఉంటుంది.

కోర్టు రూపంలో చేయాలనుకుంటే

చివరి సంవత్సరం విద్యార్థులకైతే 2023 ధర్మాసనాన్ని పెట్టవచ్చు. ఐదుగురు న్యాయమూర్తుల ఎదుట 16 రోజులు వాదనలు జరిగాయి, డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీర్పు 476 పుటలు, అందులో ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ రాసినది, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ రాసినది, జస్టిస్ సంజీవ్ ఖన్నా చిన్నగా రాసినది అని మూడు భాగాలు. ముగింపు పేరాలు మాత్రం జిరాక్స్ తీసి ఇవ్వాలి.

కోర్టుకు మూడు ప్రశ్నలు చాలు. 370 తాత్కాలికమా? "రాజ్యాంగ సభ" అన్నచోట "శాసనసభ" అని చదువుకోవాలని, రాజ్యాంగంలోని మాటలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే 367వ అధికరణ ద్వారా మార్చడం చెల్లుతుందా? రాష్ట్రపతి పాలనలో ఉన్న రాష్ట్రాన్ని కేంద్రపాలిత ప్రాంతంగా మార్చవచ్చా? కోర్టు అన్నిటికీ ఒకే జవాబు ఇచ్చిందని విద్యార్థులు అనుకుంటారు, అది నిజం కాదు. అధికరణ తాత్కాలికమని చెప్పింది. 367 ద్వారా చేసిన మార్పు చెల్లదని చెప్పింది, అయినా రాజ్యాంగ సభ లేకపోయినంత మాత్రాన మూడవ క్లాజు కింద రాష్ట్రపతికి ఉన్న అధికారం పోలేదంటూ ఫలితాన్ని నిలబెట్టింది. మూడవదానిలో లడఖ్‌ను వేరు చేయడాన్ని సమర్థించి, జమ్మూ కాశ్మీరుకు రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామని కేంద్రం తరఫు న్యాయవాది చెప్పినందున ఆ భాగాన్ని తేల్చకుండా వదిలి, 2024 సెప్టెంబరు 30లోగా ఎన్నికలు జరపాలని ఆదేశించింది. దారి తప్పు, చేరిన చోటు సరే అన్న ఈ రెండవ జవాబు మీద వాదింపచేస్తే తరగతిలో అత్యుత్తమ బుర్రలు రెండు పక్కలా తేలతాయి. రెండు పక్షాలూ 370పై సుప్రీంకోర్టు ఇచ్చిన 1959 నాటి ప్రేమ్‌నాథ్ కౌల్, 1968 నాటి సంపత్ ప్రకాశ్ తీర్పులనే చూపుకుంటాయి, ఎందుకంటే రెండింటి నుంచీ తమకు కావలసిన వాక్యం ఎవరికైనా దొరుకుతుంది.

సభ ముగిశాక

ఓటు లెక్క చదివిన వెంటనే పిల్లలను ఇంటికి పంపకూడదు. పాత్రల అట్టలు వెనక్కి తీసుకుని, బెంచీలు కలిపి, కుర్చీలన్నీ గుండ్రంగా వేయించి, అప్పుడు గోడ పడగొట్టాలి. 1956లో మనం చేసిన ఓటు 2019లో ఏమయ్యేదని అడగాలి. సిఫారసు చేసిన ఏడాది ఒకలా, మౌనంగా ముగించిన ఏడాది ఒకలా జవాబులు వస్తాయి. ఖాళీ కుర్చీని కూడా అదే గుండ్రంలోకి లాగించాలి.

మార్కులు ప్రసంగానికి సగమే ఇవ్వాలి. మిగతా సగం మరుసటి సోమవారం ఇవ్వవలసిన ఒక పుట వ్యాసానికి, అదీ తాను సభలో ఎదిరించిన పక్షం తరఫున, పత్రాల కట్టలో నుంచి కనీసం రెండు క్లాజులు చూపుతూ రాసినదానికి. మొదటి ఏడాది మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరిలో ఒకడు తరువాత సంవత్సరం ఈ వ్యాసం రాసి, దిద్దడానికి నాకు ఇచ్చే ముందు రెండవవాడికి చూపించాడు. అతను మార్జిన్‌లో రెండు చోట్ల పెన్సిలుతో "ఇక్కడ సంప్రదింపు కాదు, సమ్మతి" అని రాసి తిరిగిచ్చాడు.